సంతకం బ్యాంకాక్‌లో, సెగ అశ్వారావుపేటలో

వాణిజ్య ఒప్పందం కుదిరిన రోజున మోగేది ఎగుమతుల డప్పే. అసలు లెక్క తేలేది మాత్రం రైతు తోటలో. ఆసియాన్ దేశాలతో సరకుల ఒప్పందంపై భారత్ 2009 ఆగస్టులో బ్యాంకాక్‌లో సంతకం చేసింది. మరుసటి జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. పామాయిల్‌పై సుంకాన్ని ఏటా కొంత తగ్గిస్తూ పోవాలన్నది అందులో ఒక షరతు. 2019 మొదట్లో, మలేసియాతో ఉన్న విడి ఒప్పందం కింద, ఆ దేశపు శుద్ధి నూనెపై సుంకం 45 శాతానికి దిగగానే దిగుమతులు పోటెత్తాయి. మన రిఫైనరీలు గగ్గోలు పెట్టాయి. సెప్టెంబరులో ఆరు నెలల గడువుతో 5 శాతం రక్షణ సుంకం వేసి ప్రభుత్వం గండి పూడ్చుకోవాల్సి వచ్చింది.

నూనె చౌకైతే వంటింటికి మేలే, కాదనలేం. కానీ అశ్వారావుపేట, పెదవేగి ఆయిల్ పామ్ రైతుకు టన్ను గెలల ధర ముడి నూనె ధరతో ముడిపడి ఉంటుంది. కోసిన గెలను ఒకటి రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేర్చాల్సిందే. ధర వచ్చేదాకా దాచుకునే వీలు లేదు. నాటిన చెట్టు కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు. ధర పడిందని పాతికేళ్ల తోటను ఎవరు పీకేసుకుంటారు?

అదే బ్యాంకాక్‌లో 2019 నవంబరులో ప్రాంతీయ వాణిజ్య ఒప్పందమైన ఆర్‌సెప్‌లో చేరబోమని భారత్ చెప్పగలిగింది. కాబట్టి కాదనడం మనకు చేతకానిదేమీ కాదు. ఇకపై ప్రతి ఒప్పందం ముసాయిదానూ సంతకానికి ముందే పార్లమెంటులో, రాష్ట్రాల ముందు పెట్టాలి. భారం మోసేవాడికి ముందుగా చెప్పడం కనీస ధర్మం.