పేరు ఒకటే, పని ఒకటేనా?

ల్యాప్‌టాప్ కొనాలా, డెస్క్‌టాప్ కొనాలా అని ఇంట్లో మాట వస్తే మనలో చాలామందిమి "ఐ5 ఉంటే చాలు" అనేస్తాం. ఆ మాట సగమే నిజమని మా అభిప్రాయం.

ఇంటెల్ సంస్థ 2023లో తెచ్చిన 13వ తరం ప్రాసెసర్లలో రెండింటిని చూడండి. డెస్క్‌టాప్‌లో వాడే ఐ5-13400కూ, ల్యాప్‌టాప్‌లో వాడే ఐ5-1335యూకూ 10 కోర్లే. కానీ వేగంగా పనిచేసే పెద్ద కోర్లు మొదటిదానిలో 6, రెండోదానిలో 2 మాత్రమే. మిగిలినవి కరెంటు ఆదా చేసే చిన్న కోర్లు. మొదటిదాని మూల విద్యుత్ పరిమితి 65 వాట్లు, రెండోదానిది 15 వాట్లు. పైగా పలుచని ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫ్యాన్ పట్టదు. బాగా వేడెక్కితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

అయితే అందరూ డెస్క్‌టాపే కొనాలా? అక్కర్లేదు. బదిలీ ఉత్తర్వు రాగానే సామాను సర్దుకునే కుటుంబాలు మనవి. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని రైలెక్కవచ్చు. కరెంటు పోయినా వెంటనే ఆగదు. మన పైథాన్ ప్రోగ్రాములకూ, ప్రాజెక్టులకూ ఆ 15 వాట్ల ప్రాసెసర్ సరిపోతుంది. గంటల తరబడి వీడియో ఎడిటింగ్, త్రీడీ బొమ్మలు చేసేవారికి మాత్రం డెస్క్‌టాపే మేలు. అందులో పాడైన భాగాన్ని మార్చుకోవడమూ తేలిక.

కాబట్టి అమ్మానాన్నల చేత డబ్బు ఖర్చు పెట్టించే ముందు ఆ అంకె చివరి అక్షరం కూడా చదువుదాం. 'యూ' అంటే తక్కువ కరెంటు, 'హెచ్' అంటే ఎక్కువ శక్తి. పేరు చూసి కాదు, మన పని చూసి ఎంచుకుందాం.