గేమ్‌బ్రేకర్ లెక్క

వీడియో గేమ్ అంటే మన ఐటీ జనాలకి క్రికెట్, లేకపోతే కార్లు, అదీ కాకపోతే కౌంటర్ స్ట్రైక్. బాస్కెట్‌బాల్ గేమ్ అంటే "ఓహో, అలాగా" అని పక్కకి వెళ్ళిపోతారు. అయినా సరే, ఎన్‌బీఏ స్ట్రీట్ వాల్యూమ్ 2 గురించి నాలుగు ముక్కలు రాయాల్సిందే. 2003లో ఈఏ స్పోర్ట్స్ బిగ్ పేరు మీద ప్లేస్టేషన్ 2కీ, గేమ్‌క్యూబ్‌కీ, ఎక్స్‌బాక్స్‌కీ వచ్చింది. నా దృష్టిలో వీధి బాస్కెట్‌బాల్ మీద ఇంతకన్నా మంచి ఆట రాలేదు. ఇంత మంచి ఆటలో ఇంత అన్యాయం ఇంకోటి కూడా చూడలేదు. ఆ రెండూ ఒకే చోట ఉన్నాయి, అదీ అసలు సంగతి.

ముందు రూల్స్. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఫౌల్ అనే మాటే లేదు, తోసేసి బంతి లాక్కోవచ్చు. బుట్టలోకి దిగుతున్న బంతిని గాల్లోనే చేత్తో కొట్టెయ్యొచ్చు, అసలు ఎన్‌బీఏలో అది కుదరదు. మామూలు బుట్టకి 1 పాయింటు, గీత బయటనుంచి వేస్తే 2. ముందు 21 కొట్టినవాడు గెలుస్తాడు, కాకపోతే రెండు పాయింట్ల తేడా ఉండాలి. ఇవి ఆఫీసులో కూర్చుని కనిపెట్టిన రూల్స్ కావు, అమెరికాలో పార్కుల్లో కుర్రాళ్ళు ఇలాగే లెక్కపెట్టుకుంటారు. మన గల్లీ క్రికెట్‌లో "వన్ టిప్ వన్ హ్యాండ్", "డాబా మీద పడితే అవుట్" ఉన్నాయి చూడండి, ఆ జాతి రూల్స్ అన్నమాట. న్యూయార్క్ హార్లెమ్‌లో ఉన్న రకర్ పార్క్, ఓక్లండ్‌లో ఉన్న మోస్‌వుడ్ లాంటి నిజమైన కోర్టులు ఇందులో ఉన్నాయి. కామెంటరీ చెప్పే బాబిటో గార్సియా కూడా ఆ న్యూయార్క్ వీధి ఆటలోంచి వచ్చిన మనిషే.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం, మనం చేసేది అదేగా :)

ఎన్‌బీఏలో దూరం షాటుకి 3, దగ్గర షాటుకి 2. దూరంనుంచి పదికి నాలుగు పడితే 12 పాయింట్లు. దగ్గర్నుంచి 12 రావాలంటే పదికి ఆరు పడితే చాలు. పోటీ ఉంది. మరి వీధి లెక్కలో? దూరంనుంచి పదికి నాలుగు వేస్తే 8. దగ్గర్నుంచి 8 రావాలంటే పదికి ఎనిమిది పడాలి! అంటే బుద్ధి ఉన్నవాడెవడైనా గీత బయటే నిలబడి విసురుతూ కూర్చుంటాడు. ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. ఒలింపిక్స్‌లో 3x3 బాస్కెట్‌బాల్ పెట్టారు కదా, అక్కడా ఇవే 1, 2, ఇదే 21. టోక్యోలో 2021లో జరిగిన మగవాళ్ళ ఫైనల్ లాట్వియా గెలిచింది దూరంనుంచి వేసిన రెండు పాయింట్ల షాటుతో. పారిస్‌లో 2024లో నెదర్లాండ్స్ ఫ్రాన్స్‌ని ఓవర్‌టైమ్‌లో ఓడించిందీ అలాంటి షాటుతోనే.

మరి వాల్యూమ్ 2 ఆడేటప్పుడు ఎవడూ దూరంనుంచి విసురుతూ ఎందుకు కూర్చోడు? ఎందుకంటే గేమ్‌బ్రేకర్ ఉంది. బంతిని కాళ్ళ మధ్యనుంచి తిప్పడం, అవతలివాడి నుదుటికేసి కొట్టి మళ్ళీ పట్టుకోవడం, వాణ్ణి కింద పడేసి మీదనుంచి డంక్ చెయ్యడం, ఇలాంటి వేషాలు వేసిన కొద్దీ ఒక మీటర్ నిండుతుంది. అది నిండితే ఒక స్పెషల్ షాట్ వస్తుంది. వెంటనే వాడుకోవచ్చు, లేదా ఓపిక పట్టి రెండో లెవెల్ దాకా నింపుకోవచ్చు. రెండో లెవెల్ అయితే ముగ్గురూ బంతి అందించుకుంటూ చిన్న సినిమాయే నడుస్తుంది.

ఈ మీటర్ చేసిన ఉపకారం చిన్నది కాదు. స్కోరుబోర్డు "దూరంనుంచి వెయ్యి" అంటుంటే, మీటర్ "కాదు, లోపలికి వెళ్ళు, వేషాలు వెయ్యి" అంటుంది. చూడ్డానికి అందంగా ఉన్న ఆటే లాభసాటి ఆట కూడా అయింది. ఈ ఒక్క పని సరిగ్గా చెయ్యలేక ఎన్ని ఆర్కేడ్ గేములు బోరు కొట్టాయో! వేషం వేసినప్పుడల్లా బంతి పోగొట్టుకునే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ప్రతిసారీ ఒక నిర్ణయం తీసుకోవాలి. డిజైన్ చేసినవాళ్ళకి దండం పెట్టాలి ఇక్కడ.

అక్కడితో ఆగి ఉంటే బావుండేది. గేమ్‌బ్రేకర్ పడితే మీ స్కోరు పెరగడమే కాదు, అవతలివాడి స్కోరు తగ్గుతుంది! మీరు 19 మీద ఉన్నారు, వాడు 16. కష్టపడి ఒక్కో బుట్టా వేసుకుంటూ వచ్చారు. వాడు రెండో లెవెల్ దాచుకుని ఉన్నాడు. ఒక్క షాటు, వాడిది ఎక్కింది, మీది దిగింది, ఆట తారుమారు. కమిట్ అయిపోయిన ట్రాన్సాక్షన్‌ని ఎవడో వచ్చి రోల్ బ్యాక్ చేసినట్టు. లేదా మీ టీమ్‌లో ఒకడు బాగా చేశాడని వాడి రేటింగ్ పెంచి, బెల్ కర్వ్ పేరుతో మీది తగ్గించినట్టు. వాడికి ఇవ్వండి బాబూ, నాది ఎందుకు లాక్కుంటారు?

"అలా లేకపోతే వెనకబడ్డవాడికి ఆశ ఉండదు, ఆట చప్పగా అయిపోతుంది" అని వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. 1993లో మిడ్‌వే వాళ్ళు తెచ్చిన ఎన్‌బీఏ జామ్ చూడండి. ఒకే ఆటగాడు వరసగా మూడు బుట్టలు వేస్తే వాడికి "మంట" అంటుకుంటుంది, ఇక చేసినవన్నీ చెల్లుతాయి. అవతలి జట్టు ఒక్క బుట్ట వేసిందా, మంట ఆరిపోతుంది. ఎవడి పాయింట్లూ ఎవడూ లాక్కోడు, అయినా చివరి సెకను దాకా ఉత్కంఠే. జామ్ ఏమీ పతివ్రత కాదు లెండి. దాన్ని తయారుచేసిన మార్క్ టర్మెల్ డెట్రాయిట్ పిస్టన్స్ అభిమాని. ఆ జట్టు మీద షికాగో బుల్స్ చివరి క్షణంలో వేసే షాట్లు తప్పిపోయేలా కోడ్‌లో ఒక మెలిక పెట్టానని తనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. కోడ్ రివ్యూలో దొరకని కండిషన్! కానీ అది దొంగచాటుగా చేసింది. ఇక్కడ అన్యాయమే ఫీచర్.

మిగతా లోపాలు చిన్నవి. బాబిటో మాటలు మొదటి రోజు నవ్విస్తాయి, వారం తర్వాత అవే మాటలు. "బీ ఎ లెజెండ్" అని మన ఆటగాణ్ణి పెంచుకునే మోడ్ సగం దాటాక అదే పని మళ్ళీ మళ్ళీ చేయిస్తుంది. ఆన్‌లైన్ లేదు, పక్కన సోఫాలో మనిషి ఉండాల్సిందే. నాకైతే అది లోపం అనిపించదు, స్కోరు తగ్గినప్పుడు పక్కవాడి మొహం చూడాలి కదా.

2005లో మూడో భాగం, 2007లో హోమ్‌కోర్ట్ వచ్చాక ఈ సిరీస్‌కి కొత్త భాగం రాలేదు. ఎప్పుడైనా మళ్ళీ తీస్తే నేను అడిగేది ఒక్కటే ఆప్షన్: మీటర్ ఉంచండి, డంక్ ఉంచండి, ఆ తీసివేత గుర్తు ఒక్కటి ఆపుకునే వీలు ఇవ్వండి. అంతవరకూ మా గదిలో కాగితం పెన్నూ పెట్టుకుని, గేమ్‌బ్రేకర్ కాజేసిన పాయింట్లు విడిగా రాసుకుంటున్నాం. స్క్రీన్ మీద గెలిచినవాడూ, కాగితం మీద గెలిచినవాడూ వేరైతే ఆ రాత్రి బిర్యానీ బిల్లు చెరి సగం.