బస్తీ దవాఖానా: మందులు ఫ్రీ, మరి పోయిన కూలీ?

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకుడు. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు ఓపీ. ఉద్దేశం మంచిదే. కానీ మాదన్నపేట మండీలో కూరగాయలు అమ్మేవాళ్లు, హమాలీలు ఆ వేళలో పనిలోనే ఉంటారు. జ్వరమొచ్చి లైన్లో నిల్చుంటే ఆ రోజు కూలీ పోయినట్టే. ఉన్న ఒక్క డాక్టర్ సెలవు పెడితే ఆ పూటంతా వృథా. పని ముగించుకుని వెళ్తే తలుపుకు తాళం. ఇక మిగిలేది ఫీజు అడిగే ప్రైవేటు క్లినిక్, లేదంటే ఉస్మానియాలో పొడవాటి క్యూ. బీపీ, షుగర్ మందులు నెలనెలా తీసుకోవాల్సిన ఇంటి పెద్దలకు ఈ తిప్పలు మరీ ఎక్కువ. దవాఖానా దగ్గర్లో ఉంటే సరిపోదు. సాయంత్రం ఓపీ, సెలవు రోజుల్లో బదులు డాక్టర్ ఉంటేనే అది బస్తీకి పనికొస్తుంది.