మేకయా, మొక్కయా, ముక్కా? – ఐగుప్తువారి బొమ్మల వ్రాత



వడమాలపేట నుండి సండే స్కూలు పిల్లలు కొందరు కలిసి మాకు ఒక ఉత్తరం వ్రాశారు. యోసేపు, మోషే ఐగుప్తులో ఉన్న దినాలలో అక్కడివారు బొమ్మలతోనే వ్రాసేవారట గదా, ఒట్టి బొమ్మలు చూచి మాటలు ఎట్లా చదివేవారు అన్నది వారి ప్రశ్న. పిల్లలు అడిగినదే అయినా పెద్దలు ఎన్నో వందల ఏండ్లు జవాబు తెలియక తికమకపడిన ప్రశ్న ఇది. ఈ నెల దీనినే తీసుకొన్నాము.

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ వ్రాతలో బాతు బొమ్మ ఉంటే అది బాతు అనీ, సింహం బొమ్మ ఉంటే సింహమనీ అనుకొంటే ఒక్క పంక్తి కూడా చదవలేము. ఆ బొమ్మలలో చాలా భాగం శబ్దాలు. మన అక్షరాలు చేసే పనే అవీ చేస్తాయి.

ఇది అర్థం కావాలంటే తెలుగులోనే ఒక ఆట ఆడి చూడండి. పలక మీద ఒక తల బొమ్మ వేయండి. దాని ప్రక్కన వెదురు గడ ఒకటి వేయండి. పిల్లవానిని చదవమనండి. "తల, గడ" అంటాడు. రెండూ కలిపి అనమంటే "తలగడ" అంటాడు. మీరు తలను గురించీ చెప్పలేదు, గడను గురించీ చెప్పలేదు, పడుకొనే దిండును గురించి చెప్పారు. ఐగుప్తువారు చేసినది ఇదే. వారి భాషలో బాతును "సా" అనేవారు, కుమారుని కూడా "సా" అనేవారు. కుమారునికి బొమ్మ వేయడం కష్టం, ఏ పిల్లవాని బొమ్మ వేసినా అది ఎవరి కుమారుడో తెలియదు. అందుచేత బాతును వేసి కుమారుడని చదివారు. బాతు, దాని ప్రక్కన సూర్యుని గుండ్రని బిళ్ల కనబడితే "రా కుమారుడు" అని అర్థం. రా అనగా వారు కొలిచిన సూర్యుడు. ఇది ఫరోల బిరుదులలో ఒకటి.

ఇట్లా ఒక్కొక్క హల్లుకు ఒక్కొక్క గుర్తు చొప్పున సుమారు 24 గుర్తులు ఏర్పరచుకొన్నారు. నోరు బొమ్మ వేస్తే "ర", రొట్టె వేస్తే "త", నీటి అల వేస్తే "న", గుడ్లగూబ వేస్తే "మ". ఈ ఇరువదినాలుగుతోనే వారు సరిపెట్టుకొని ఉంటే నేర్చుకొనేవారి పని ఎంతో సులువయ్యేది! కాని రెండు హల్లులు కలిసి పలికే గుర్తులు, మూడు హల్లులు కలిసి పలికే గుర్తులు కూడా ఉంచుకొన్నారు. అన్నీ కలిపి వాడుకలో సుమారు 700 గుర్తులు ఉండేవి. లేఖకుడు కావాలంటే చిన్ననాటి నుండి ఏండ్ల తరబడి బడిలో దెబ్బలు తినవలసిందే.

ఇప్పుడు అసలు చిక్కు. వారు హల్లులే వ్రాశారు, అచ్చులు వ్రాయలేదు. మనకు గుణింతం ఉన్నది. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అని దిద్దించి గాని అమ్మ మనలను లేవనిచ్చేది కాదు. వారికి అది లేదు. ఒత్తు వ్రాయడం కూడా లేదు. తెలుగును అట్లా వ్రాస్తే ఏమవుతుందో చూడండి. "మ", "క" అని రెండు అక్షరాలు మాత్రమే వ్రాశామనుకొందాము. అది మేక కావచ్చును, మేకు కావచ్చును, మూక, మాకు, మొక్క, ముక్కు, ఏదైనా కావచ్చును.

మన ప్రాంతంలో పుత్తూరు, నగరి దాటితే తమిళమే గదా. తమిళం చదవడం వచ్చినవారు ఈ చిక్కును చప్పున గ్రహిస్తారు. తమిళంలో క, గ రెండింటికి ఒకే అక్షరము. త, ద, ధలకు కూడ ఒకే అక్షరము. గాంధి అని వ్రాసినా కాంతి అని వ్రాసినా కంటికి కనబడే అక్షరాలు అవే. భాష తెలిసినవాడు సందర్భాన్ని బట్టి సరిగానే చదువుతాడు, తెలియనివాడు తడబడతాడు. ఐగుప్తు వ్రాతలో ఈ తడబాటు ఇంకా ఎక్కువ.

దానికి వారు కనిపెట్టిన ఉపాయం మాకు మిక్కిలి నచ్చినది. మాట చివర పలుకకూడని బొమ్మ ఒకటి వేసేవారు. ఈ మాట ఏ జాతికి చెందినదో చూపడమే దాని పని. మన "మ, క" చివర నాలుగు కాళ్ల జంతువు బొమ్మ వేస్తే అది మేక. ఆకులు వేస్తే మొక్క. ముఖం వేస్తే ముక్కు. మనుష్యులను వేసి మూడు గీతలు గీస్తే మూక. నోటితో చదివేది ఎప్పుడూ "మ, క" మాత్రమే, చివరి బొమ్మ కంటికి మాత్రమే. వారి భాష నుండే ఒకటి చెప్పాలంటే, ఇల్లు బొమ్మను "ప, ర" అని చదువుతారు. ఇల్లు వేసి క్రింద ఒక నిలువు గీత గీస్తే ఇల్లే. అదే ఇల్లు వేసి, నోరు వేసి, చివర నడిచే రెండు కాళ్లు వేస్తే "బయలువెళ్లు" అని అర్థము. నోరు "ర" గదా, ఇంటిలోనే "ర" ఉన్నది గదా, మరల ఎందుకు అని అడగవచ్చును. చదివేవానికి సాయంగా చివరి శబ్దాన్ని మరొకసారి వ్రాసేవారు, దానిని రెండవసారి పలుకకూడదు.

ఈ ఇల్లు బొమ్మ నుండే మనము సండే స్కూలులో మొదటి నుండి వింటున్న ఒక మాట వచ్చినది. ఇల్లు ప్రక్కన స్తంభం వేస్తే "పెర్ ఆ", అనగా పెద్ద ఇల్లు. మొదట అది రాజనగరుకే పేరు. తరువాత రాజుకే పేరైపోయినది. మన పల్లెలలో "పెద్దింటోళ్లు చెప్పినారు" అన్నట్లే. ఆ పెద్ద ఇల్లే పరిశుద్ధ గ్రంథములోని ఫరో.

మోషే పేరును గూర్చి కూడ ఒక మాట. ఐగుప్తు భాషలో "మ, స" అనే ధాతువుకు పుట్టుట, బిడ్డ అని అర్థము. దాని గుర్తు మూడు నక్క తోళ్లు కలిపి కట్టిన బొమ్మ. థుత్మోసు, రామెసేసు అనే రాజుల పేర్లలో ఉన్నది ఇదే. మోషే పేరు కూడ ఇందులో నుండే వచ్చినదని అనేక పండితుల అభిప్రాయము. నిర్గమకాండము ఆ పేరును నీటిలో నుండి తీయుటతో ముడిపెట్టినది. ఫరో కుమార్తె పెంచిన హెబ్రీ బిడ్డ పేరు రెండు భాషలలోనూ అర్థమివ్వడం మాకేమీ వింతగా తోచదు. సరిహద్దున కాపురమున్న మనకు రెండు భాషల పేర్లు కొత్త కాదు. ఐగుప్తీయుల విద్యలన్నిటిలో మోషే ఆరితేరినాడని స్తెఫను చెప్పిన సంగతి అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయంలో ఉన్నది. రాజనగరులో విద్య అంటే ఈ గుర్తులు నేర్వకుండా అయ్యేది కాదు.

అయితే యోసేపు లెక్కల గుమాస్తాలు ధాన్యపు కొట్ల దగ్గర బాతులు, సింహాలు దిద్దుతూ కూర్చున్నారని అనుకోవద్దు. ఆ అందమైన వ్రాత గుడి గోడలకు, సమాధులకు, రాతి శాసనాలకు. దినదినం లెక్కలకు, ఉత్తరాలకు అదే వ్రాతను గొలుసుకట్టుగా, రెల్లు కలంతో గబగబ వ్రాసేవారు. వ్రాసినది జమ్ముతో చేసిన కాగితం మీద. మోషే తల్లి బిడ్డను ఉంచిన పెట్టె అల్లినది కూడ జమ్ముతోనే గదా. అంకెలకు వేరే గుర్తులు. వేయికి తామర మొక్క, పదివేలకు వ్రేలు, లక్షకు కప్పపిల్ల. లక్ష కప్పలంటే ఎట్లా ఉంటుందో ఆ దేశంవారికి తెలిసినట్లు మరి ఇంకెవరికి తెలుసు!

వ్రాత ఎటు నుండి ఎటు పోతుందన్నది కూడ పిల్లలు అడిగారు. ఎక్కువగా కుడి నుండి ఎడమకు, కొన్నిచోట్ల ఎడమ నుండి కుడికి, మరికొన్నిచోట్ల పై నుండి క్రిందికి. గుర్తు తెలుసుకోవడం సులభం. జంతువులు, మనుష్యులు ఎటు ముఖం పెట్టుకొని ఉంటే అటు నుండి మొదలుపెట్టాలి. మన రాయలసీమలోనే గుత్తి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలున్నవి. వాటిలో ఒకదానిలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, మరికొన్ని కుడి నుండి ఎడమకు, మడకకు కట్టిన ఎద్దులు చాలు తిరిగినట్లు పోతాయి.

చివరి బొమ్మ ఎంత పని చేస్తుందో చూపే శాసనం ఒకటి ఉన్నది. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ అనే ఆంగ్లేయుడు థేబేసులో ఒక పెద్ద నల్లరాయిని కనుగొన్నాడు. ఇప్పుడది కైరో మ్యూజియములో ఉన్నది. క్రీస్తుకు పూర్వం సుమారు 1208లో మెర్నెప్తా అనే ఫరో తన జయాలను చెక్కించిన రాయి అది. చివరి భాగంలో కనాను ప్రాంతపు పేర్లు వరుసగా వస్తాయి. అష్కెలోను, గెజెరు, యెనోయాము, తరువాత ఇశ్రాయేలు. ఆ భాషలో "ల"కు వేరే గుర్తు లేనందున చివర "ర" వ్రాశారు. మొదటి మూడింటి చివర మూడు కొండల బొమ్మ ఉన్నది. అది పరదేశపు ఊరికి, నేలకు గుర్తు. ఇశ్రాయేలు చివర కొండలు లేవు. ఒక పురుషుడు, ఒక స్త్రీ, మూడు గీతలు ఉన్నవి. అనగా ఇది ఊరు కాదు, జనము. ఐగుప్తు శాసనాలలో ఇశ్రాయేలు పేరు నిస్సందేహంగా కనబడేది ఇది ఒక్కచోటే. ఆ జనాన్ని విత్తనం లేకుండా చేశానని రాజు గొప్పలు చెప్పుకొన్నాడు! రాజుల గొప్పలు ఎంత నమ్మాలో చదువరులే చెప్పగలరు.

ఇంతటి వ్రాత ఎట్లా మాసిపోయినది? క్రీస్తు పూర్వం 3200 ప్రాంతంలో మొదలైన ఈ వ్రాతలో మనకు దొరికిన చివరి శాసనం ఫిలే ద్వీపపు గుడిలో క్రీ.శ. 394 ఆగస్టు 24న చెక్కినది. ఇందులో క్రైస్తవుల పాత్ర కూడ ఉన్నది, దాచవలసిన పని లేదు. రోమా క్రైస్తవ చక్రవర్తులు పాత గుళ్లను మూయించారు. గుడి మూతపడితే పూజారి లేడు, పూజారి లేకుంటే ఆ వ్రాత నేర్పే బడి లేదు. అప్పటికే మామూలు జనులు దానిని చదవలేకపోయారు.

అయితే అదే సంఘం మరొక పని కూడ చేసినది. ఐగుప్తు క్రైస్తవులు తమ మాతృభాషను విడువలేదు. గ్రీకు అక్షరాలు తీసుకొని, వాటికి లేని శబ్దాల కొరకు తమ పాత వ్రాత నుండి ఆరేడు అక్షరాలు చేర్చుకొని, వాక్యాన్ని తమ భాషలోనికి తర్జుమా చేసుకొన్నారు. దానినే కొప్తు అంటారు. ఇందులో అచ్చులు కూడ ఉన్నవి! తరువాత దేశమంతా అరబ్బీ మాట్లాడసాగినది, ఇండ్లలో కొప్తు నిలిచిపోయినది. గుడిలో మాత్రం ప్రార్థనలు, కీర్తనలు ఆ భాషలోనే సాగినవి, నేటికీ సాగుతున్నవి.

గుర్తుల అర్థం మరచిన 1400 ఏండ్లలో ఊహాగానాలకు కొదువ లేదు. బాతు అంటే కుమారుడని ఒక పాత గ్రంథకర్తకు తెలిసింది గాని, బాతుకు పిల్లల మీద ప్రేమ ఎక్కువ గనుక అని కారణం చెప్పాడు! శబ్దం సంగతి చాలమందికి తోచలేదు. 1799లో ఫ్రెంచి సైనికులకు రోసెట్టా అనే ఊరి దగ్గర ఒక రాయి దొరికినది. ఒకే ఆజ్ఞ బొమ్మల వ్రాతలో, వాడుక వ్రాతలో, గ్రీకులో చెక్కి ఉన్నది. రాజుల పేర్లకు త్రాటి ఉంగరం లాంటి గీత చుట్టి ఉంటుంది. ఇంగ్లండులో థామస్ యంగ్, ఫ్రాన్సులో షాంపోలియో ఆ ఉంగరాల మీద పని చేశారు. టాలెమీ పేరులోని చాప, ఉచ్చుత్రాడు, సింహము క్లెయోపత్ర పేరులో కూడ సరిగా ప, ఒ, ల రావలసిన చోటులలో కనబడినవి. అయినా అవి గ్రీకు రాజుల పేర్లు గదా, పాత ఫరోల సంగతి ఏమి? షాంపోలియో చిన్ననాటి నుండి కొప్తు నేర్చినవాడు. పారిసులోని ఒక కొప్తు పాదిరి దగ్గర ఆ భాష విన్నాడు, తనలో తాను కొప్తులో మాట్లాడుకొనేవాడు. ఒక ఉంగరంలో సూర్యుని బిళ్ల, తెలియని గుర్తు ఒకటి, చివర రెండు "స"లు కనబడినవి. కొప్తులో సూర్యుడు "రే". పుట్టుటకు "మిసె". రా, మెస్, స్, స్. రామెసేసు! 1822 సెప్టెంబరులో ఈ సంగతి లోకానికి వెల్లడించాడు. కొన్ని సంఘాలు తమ పాత భాషలో పాడుతూ ఉండకపోతే ఆయనకు ఆ "రే", ఆ "మిసె" ఎక్కడ దొరికేవి?

వడమాలపేట, పుత్తూరు ప్రాంతాలలో ఇప్పుడు చెన్నైలోనూ బెంగుళూరులోనూ పిల్లలు ఉండని ఇల్లు అరుదు. తాతగారి బైబిలు మొదటి పేజీలో పుట్టిన తేదీలు, బాప్తిస్మపు తేదీలు, పెండ్లి తేదీలు తెలుగులో వ్రాసి ఉంటాయి. ఎన్ని ఇండ్లలో మనుమలు ఆ పేజీ తామే చదవగలరు? అడిగి చూడండి. చదవలేకపోతే సెలవులలో ఆ పేజీతోనే గుణింతం మొదలుపెట్టవచ్చును.

ఐగుప్తు వస్తువు కంటితో చూడాలంటే హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఒక ఐగుప్తు మమ్మీ ఉన్నది. నజీర్ నవాజ్ జంగ్ తెప్పించి నిజాము ఉస్మాన్ అలీ ఖానుకు ఇచ్చినది, 1930లో మ్యూజియానికి చేరినది. వేళ్లు అద్దానికి ఆనించవద్దని పిల్లలకు ముందే చెప్పి తీసుకొనిపోండి. పుస్తకంలో గాని, మ్యూజియంలో గాని ఈ వ్రాత ఎదురైతే మొదట పక్షులు ఎటు చూస్తున్నవో చూడమనండి, తరువాత ఉంగరం వెదకమనండి.

వచ్చే నెల, నగరి నుండి వచ్చిన ప్రశ్న ప్రకారం, బబులోనువారు మట్టి పలకల మీద ఎట్లా వ్రాశారో చూద్దాము.