ఉన్నది లేదనే యంత్రం

మా కళాశాల వార్షిక సంచికకు రెండు ముఖపత్రాలు ఉంటాయని పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. కుడివైపునుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపునుండి తెరిస్తే తెలుగు. రెండూ నడుమ ఎక్కడో కలుసుకుంటాయి. వెనుకటి సంచికలలో ఉర్దూ భాగం కాతిబు చేతివ్రాతలోనూ, తెలుగు భాగం సీసపు అక్షరాలతోనూ అచ్చయినవి. ఆ సంచికలు నేడు గ్రంథాలయంలో ఒక బీరువాలో పడి ఉన్నవి. నౌపడ ఉప్పుగాలి ఇనుప బీరువానే తినివేస్తున్నప్పుడు కాగితం ఎంతకాలం నిలుస్తుంది? వాటిని యంత్రంచేత చదివించి భద్రపరచాలని గత సంవత్సరం కొందరు విద్యార్థులు పూనుకొన్నారు. ఆ పూనిక ఎక్కడ చిక్కుకున్నదో, ఆ చిక్కు మన చదువును గురించి ఏమి చెబుతున్నదో విద్యార్థులకూ, కమిటీ పెద్దలకూ మనవి చేయదలచాము.

అచ్చుపుటను చూచి అక్షరాలను గుర్తించే టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉన్నది. హ్యూలెట్ పాకార్డ్ సంస్థలో 1985 నుండి 1994 వరకు రూపొంది, కొన్నేళ్ళు మూలపడి, 2005లో సోర్స్‌తో సహా అందరికీ విడుదలైనది. 2006 నుండి చాలాకాలం గూగుల్ దానిని పోషించింది. 2021లో ఐదవ కూర్పు వచ్చింది. తెలుగుకూ ఉర్దూకూ కూడ అది పని చేస్తుంది. అయితే కాతిబు నస్తలీఖ్ ముందు దాని పప్పులు అంతగా ఉడకవు, అది వేరే సంగతి. మా ప్రయోగశాల యంత్రంలో ఉన్నది పాత కూర్పు. కొత్తది కావాలంటే సోర్స్ తెచ్చి కంపైల్ చేసుకోవాలి. యంత్రాధికారి సంకేతపదం విద్యార్థులకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడ. కనుక వారు తమ తమ సొంత డైరెక్టరీలలో, అనగా యంత్రం అలవాటుగా వెదకని చోట, దానిని నిర్మించుకొన్నారు. పుటలు చూచేందుకు టెసెరాక్ట్ ఆధారపడే లెప్టోనికా అనే లైబ్రరీని కూడ అక్కడే పెట్టుకొన్నారు. ఒక విద్యార్థిని సంచిక పుటలన్నింటినీ వరుసగా చదివించే చిన్న ప్రోగ్రాంను సీ ప్లస్ ప్లస్‌లో తానే రాసింది.

వారం రోజుల తర్వాత ఆమె మా గదికి వచ్చి, "ఫైలు అక్కడే ఉంది సార్. నా కళ్ళతో చూసేను. అదేటో లేదంటోంది" అన్నది. మరునాడు వచ్చి అన్నమాట ఇంకొకటి: "ఇవన్నీ మనలాంటోళ్ళకి కాదేమో సార్."

ఈ రెండవ మాటకోసమే మేము కలం పట్టాము. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి కంపైలర్లతో ఏమి పని అని సహోద్యోగులు కొందరు నవ్వారు. ఉన్నది. చెదిరిన పదాలు ఏ షరతులమీద ఒక వాక్యమవుతాయో విచారించడం మా శాస్త్రం. చెదిరిన ఫైళ్ళు ఏ షరతులమీద ఒక ప్రోగ్రాం అవుతాయో విచారించేది లింకర్. వాక్యార్థం కుదరడానికి మన పూర్వులు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు చెప్పారు. లింకర్ మొరలన్నీ దాదాపు ఈ మూడింటిలోనే ఇముడుతాయని మాకు క్రమంగా తెలిసివచ్చింది.

కంపైలర్ పని ఫైలుకు ఫైలు చొప్పున ముగుస్తుంది. దానికి కావలసింది హెడర్ ఫైలు. అందులో ఫలానా పనిచేసే ఫలానా ఫంక్షన్ ఉన్నదన్న మాట మాత్రమే ఉంటుంది, పని ఉండదు. హెడర్ సొంత డైరెక్టరీలో ఉంటే 'హైఫన్ పెద్ద ఐ' అని ఆ చోటు చెప్పాలి. ఇక్కడితో కంపైలర్ తృప్తిపడుతుంది. అయితే అది తయారుచేసిన ఆబ్జెక్ట్ ఫైలులో తీరని కోరికలు మిగిలి ఉంటాయి: పిక్స్‌రీడ్ కావాలి, మరొకటి కావాలి అని. ఇదే ఆకాంక్ష. 'ఎన్‌ఎమ్' అనే చిన్న సాధనం చేత చూపిస్తే ప్రతి కోరిక పక్కన 'యు' అనే అక్షరం కనబడుతుంది. ఆ కోరిక తీర్చే లైబ్రరీ వరుసలో లేకపోతే లింకర్ 'అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్' అంటుంది. దాని అర్థం ఫైలు లేదని కాదు. అడిగిన పేరుకు అర్థం చెప్పేవారు దొరకలేదని. 'కెనాట్ ఫైండ్' అన్నదా, అప్పుడు ఫైలే దొరకలేదని. ఈ రెండు మాటలకు మధ్య ఎంత దూరమున్నదో మా విద్యార్థులలో ఎవరూ గమనించలేదు. రెండింటికీ ఒకే మందు వేశారు.

సన్నిధికి వస్తే, 'రాముడు' అని ఉదయం పలికి 'వచ్చెను' అని సాయంకాలం పలికితే వాక్యం కాదని పాఠంలో చెబుతాము. లింకర్ ఆజ్ఞను ఎడమనుండి కుడికి చదువుతూ పోతుంది. లైబ్రరీ పేరు ముందు వచ్చి, దాని అవసరమున్న ఫైలు తర్వాత వస్తే, లైబ్రరీని దాటేనాటికి ఎవరికీ దాని అవసరం కనబడదు. ఆర్కైవులైన స్టాటిక్ లైబ్రరీల విషయంలో ఇది మొదటినుండీ ఉన్న నియమం. ఉబుంటు వంటి కొన్ని పంపిణీలలో షేర్డ్ లైబ్రరీలను కూడ అప్పటికి అవసరం లేకపోతే వదలివేసే ఏర్పాటు ఉన్నది. మా విద్యార్థిని మొదట టెసెరాక్ట్, లెప్టోనికాల పేర్లు రాసి ఆ వెనుక తన ఫైలు పేరు రాసింది. ఫైలును ముందుకు జరపగానే ఆ రోజటి దోషాలు సగానికి పైగా పోయినవి. ఉర్దూ విద్యార్థులు దీనిని విని నవ్వుకొన్నారు. వారు కుడినుండి రాస్తారు గదా!

చోటు చెప్పడం కూడ సన్నిధిలోని భాగమే. 'హైఫన్ పెద్ద ఎల్' లైబ్రరీ ఉన్న చోటును, 'హైఫన్ చిన్న ఎల్' దాని పేరును చెబుతుంది. ఇక్కడ రెండు గోతులున్నవి. కొన్ని నిర్మాణాలు లైబ్రరీని 'లిబ్' అనే ఉపడైరెక్టరీలో పెడతాయి, కొన్ని 'లిబ్64'లో పెడతాయి. పక్కింట్లో ఉన్న మనిషికోసం మనింట్లో వెదకినట్లవుతుంది. రెండవది పేరు మారడం. లెప్టోనికా లైబ్రరీ పాత కూర్పులలో 'లిబ్‌లెప్ట్' అని, తర్వాతి కూర్పులలో 'లిబ్‌లెప్టోనికా' అని తయారవుతున్నది. పాత పుస్తకం చూచి పాత పేరుతో పిలిస్తే కొత్తది పలకదు. 'పీకేజీ కాన్ఫిగ్' అనే సాధనానికి మన డైరెక్టరీని ఒకసారి పరిచయం చేస్తే సరైన పేరూ చోటూ అదే చెబుతుంది.

ఇక యోగ్యత. నిప్పుతో తడిపెను అన్నప్పుడు పదాలన్నీ పక్కపక్కనే ఉన్నా అర్థం పొసగదు. మేము పుట్టిపెరిగిన నౌపడలో దీనికి ఇంతకంటె మంచి దృష్టాంతం కలదు. ఇక్కడినుండి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలుమార్గం వెడల్పు రెండున్నర అడుగులు. పక్కనున్న హౌరా-మద్రాసు మార్గం వెడల్పు అయిదున్నర అడుగులు. స్టేషన్ ఒకటే, పేరు ఒకటే. కాని ఒక పట్టామీది పెట్టె రెండవదానిమీదికి పోదు. మా బాల్యంలో పెద్దబండి దిగి, మూటాముల్లె నెత్తిన పెట్టుకొని, చిన్నబండికి పరుగెత్తేవారిని రోజూ చూచేవారము. 2004లో చిన్నబండి ఆగింది. మార్గం వెడల్పు చేసి గుణుపురం వరకు మళ్ళీ బండ్లు నడిచేసరికి 2011 వచ్చింది. లింకర్ కూడ 32 బిట్ల లైబ్రరీని 64 బిట్ల ప్రోగ్రాంకు తగిలించదు. 'స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్' అని చెప్పి మరీ దాటిపోతుంది. మన విద్యార్థులు ఆ పంక్తిని చదవరు, చివరి పంక్తి మాత్రమే చదువుతారు. ఇంతకంటె సూక్ష్మమైనది మరొకటి: 2015లో వచ్చిన జీసీసీ అయిదవ కూర్పు స్ట్రింగుల అమరికను మార్చింది. అంతకుముందు కంపైల్ అయిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని కొత్త ప్రోగ్రాంకు కలపబోతే, దోషవాక్యంలో 'సీఎక్స్‌ఎక్స్11' అనే ముక్క కనబడుతుంది. అది కనబడితే చోట్లు వెదకడం మాని, రెండింటినీ ఒకే కంపైలర్‌తో మళ్ళీ నిర్మించుకోవాలి.

ఇవన్నీ దాటి ప్రోగ్రాం తయారయింది. నడిపించబోతే 'షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోయాను, అటువంటి ఫైలు లేదు' అన్నది. ఆమె "అక్కడే ఉంది సార్" అన్నది దీనినిచూచే. మేమూ రెండు రోజులు బోల్తాపడ్డాము. నిజానికి ఇది లింకర్ అన్నమాటే కాదు. ప్రోగ్రాంను నడిపే వేళ లైబ్రరీలను వెదకి తెచ్చేది లోడర్ అనే మరొక ఉద్యోగి. లింకర్‌కు మనం 'పెద్ద ఎల్'తో చెప్పిన చోటు లింకర్‌తోనే పోతుంది. ప్రోగ్రాంలో మిగిలేది లైబ్రరీ పేరు మాత్రమే. లోడర్ ఆ పేరు పట్టుకొని తనకు అలవాటైన వీధులు తిరిగి, లేదని చెబుతుంది. అది అబద్ధం కాదు. తాను చూచిన చోట లేదు. 'ఎల్‌డీడీ' అనే సాధనంతో అడిగితే ఏ లైబ్రరీ ఎక్కడ దొరికింది, ఏది దొరకలేదు అనేది పంక్తి పంక్తిగా చూపుతుంది. ప్రోగ్రాంను నిర్మించేటప్పుడే 'ఆర్‌పాత్' ద్వారా చోటును అందులో రాసి ఉంచడం దీనికి ఉచితమైన మార్గం. అయితే కొత్త లింకర్లు పలుచోట్ల దానిని 'రన్‌పాత్'గా రాస్తాయి; అది ప్రోగ్రాం నేరుగా కోరిన లైబ్రరీలకే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు కోరే మరో లైబ్రరీలకు వర్తించదు. సీమేక్ ద్వారా నిర్మించినవారికి ఇంకొక చిత్రం ఎదురవుతుంది: నిర్మించిన చోట నడిచిన ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేయగానే నడవదు. సీమేక్ ఇన్‌స్టాల్ వేళ ఆ చిరునామాను చెరిపివేస్తుంది. ఉంచమని విడిగా చెప్పాలి.

మా అభిప్రాయభేదం ఇక్కడ మొదలవుతున్నది. ఒక మిత్రుడు చెప్పగా ఆమె 'ఎల్‌డీ లైబ్రరీ పాత్' అనే వాతావరణ చలరాశిని టెర్మినల్‌లో పెట్టింది. సాయంత్రం ప్రోగ్రాం నడిచింది, మిఠాయి కూడ పంచారు. ఉదయం కొత్త టెర్మినల్ తెరిస్తే మళ్ళీ లేదన్నది. మరొకరు దానిని శాశ్వతంగా ప్రారంభఫైలులో రాయమన్నారు. రాసిన తర్వాత ఆమె ఖాతాలో సంబంధంలేని మరొక ప్రోగ్రాం ఆమె డైరెక్టరీలోని లైబ్రరీని పట్టుకొని కూలింది. ఇంకొకరు, అధికారి సంకేతపదం ఎలాగో సంపాదించి ఫైళ్ళను యంత్రపు సొంత డైరెక్టరీలోకి నకలు చేయమన్నారు! పరీక్షించి చూచుకోవడానికి ఆ చలరాశి మంచిదే. దానినే సంసారంగా చేసుకోవడం మేము ఒప్పుకోము. ఈ సలహాలలో ఏ ఒక్కటీ, లేదంటున్నది ఎవరు, కంపైలరా, లింకరా, లోడరా అని అడగలేదు. ఆమెకు తగిలిన దెబ్బ అక్కడ ఉన్నది. ఒకరోజు పనిచేసి ఒకరోజు పనిచేయనిదానిని మనిషి విద్య అనుకోడు, అదృష్టం అనుకుంటాడు. అదృష్టం అనుకున్నచోట మనలాంటోళ్ళకి కాదు అనే మాట సులభంగా వస్తుంది. ఉర్దూ, తెలుగు మాధ్యమాల నుండి వచ్చిన మన పిల్లలకు ఇంగ్లీషు దోషవాక్యం తమ మీద ఇచ్చిన తీర్పులాగ వినబడుతుంది.

తయారైన ప్యాకేజీ తెచ్చుకోక ఈ తంటా ఎందుకు అని పెద్దలు అడగవచ్చు. దొరికినచోట అదే తెచ్చుకోవాలి, పంతం పనికిరాదు. మన లిపులకు సంబంధించిన పనిముట్లలో మెరుగులు మొదట సోర్స్‌లోనే వస్తాయి, ప్యాకేజీలలోకి ఆలస్యంగా చేరుతాయి. అందాక ఆగుదామంటే బీరువాలోని కాగితం ఆగాలి గదా. పైగా అధికారం లేని యంత్రంమీద, తనకిచ్చిన కొద్దిచోటులో పని సాధించుకోవడం రేపు ఉద్యోగంలోనూ తప్పదు.

కమిటీవారిని మేము కొత్త యంత్రాలు అడగడం లేదు. ప్రయోగశాల యంత్రంలో 'ఆప్ట్' కింద విద్యార్థులు సమష్టిగా వాడుకొనే ఒక డైరెక్టరీ ఇప్పించాలి. వారానికి రెండు గంటలు, చెడిన నిర్మాణాన్ని బాగుచేయడమే పాఠంగా, కాలపట్టికలో చేర్చాలి. ఆ గంటలలో దోషవాక్యాన్ని మొదటి పంక్తినుండి చదివి తెలుగులోనో ఉర్దూలోనో చెప్పించాలి. ఒక లెక్కల పుస్తకం పెట్టాలి: ఏ లైబ్రరీ, ఏ కూర్పు, ఏ డైరెక్టరీలో, ఏ ఆజ్ఞతో నిర్మించారో అందులో రాయాలి. ఈ మూడింటికి అయ్యే ఖర్చు ఆ పుస్తకం ఖరీదు.

పుస్తకం మాత్రం మేమే కొని పెట్టాము. ఆ విద్యార్థిని ఆర్‌పాత్‌తో మళ్ళీ నిర్మించిన ఆజ్ఞను మొదటి పుటలో రాసి, కింద తేదీ వేసింది. ఇప్పుడు తెలుగు భాగపు పుటలను చదివిస్తున్నది. వట్రుసుడులు, అరసున్నల దగ్గర యంత్రం తప్పుతున్నందున వాటిని మేము చేతితో దిద్దుతున్నాము. పుస్తకాన్ని కుడివైపునుండి తెరిస్తే వచ్చే పుటలను ఉర్దూ విభాగానికి వదిలాము. అవి ఇంకా ఖాళీగా ఉన్నవి.