తూకం ఒక్కటే చాలదు, కండ కూడా చూడాలి



లివర్ జబ్బు అనగానే మన ప్రాంతంలో అందరికీ గుర్తొచ్చేవి రెండే: సారా, కామెర్లు. అందుకే పదమూడేళ్ల పిల్లవాడి స్కానింగ్ రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్’ అని ఉంటే తల్లిదండ్రులు నమ్మలేరు. “మా వాడు అలాంటివేమీ ముట్టడు డాక్టరు గారూ” అంటారు. నిజమే. ఈ జబ్బు రావడానికి సారా తాగనక్కరలేదు. ఒంటికి అక్కరకు మించిన తిండి, ముఖ్యంగా తీపి, కొవ్వుగా మారి కాలేయంలో చేరుతుంది. నొప్పి ఉండదు, కళ్లు పచ్చబడవు. ఏళ్ల తరబడి వదిలేస్తే మాత్రం కొందరిలో కాలేయం గట్టిపడుతుంది.

ఇది అరుదైన జబ్బు కాదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2022లో లెక్క కట్టారు. ఆ అధ్యయనాల్లో పరీక్షించిన పిల్లల్లో సుమారు 35 శాతం మందికి, స్థూలకాయం ఉన్నవారిలో 60 శాతానికి పైగా, కాలేయంలో కొవ్వు ఉన్నట్లు తేలింది.

రిపోర్టు చూడగానే చాలా ఇళ్లలో చేసే పని పిల్లవాడి కడుపు మాడ్చడం. ఉదయం టిఫిను మానిపిస్తారు, రాత్రి అన్నం తగ్గిస్తారు. వారం వారం తూకం చూసి సంతోషిస్తారు. ఇది సరైన దారి కాదని మా అభిప్రాయం. పస్తులతో తగ్గే బరువులో కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. ఆ కండే కాలేయానికి అండ.

ఎలాగంటే, అన్నం తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటాను తీసుకుని వాడుకోవలసింది కండరాలే. గాదె చిన్నదైతే మిగిలిన ధాన్యాన్ని వసారాలో పోసుకున్నట్లు, కండ తక్కువైనా, ఉన్న కండకు పని లేకపోయినా, ఆ బరువంతా కాలేయం మీద పడుతుంది. కాలేయం దాన్ని కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. లావుగా ఉన్న పిల్లల్లోనూ కండ తక్కువగా ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువని ఇటలీ, కొరియా అధ్యయనాలు చెబుతున్నాయి.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన శిశువులను డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి, 2003లో ఫలితాలు ప్రచురించింది. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. మనవారిలో బాగా తగ్గింది కండ; ఒంట్లో కొవ్వు అంతగా తగ్గలేదు. చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం వైపు తక్కువ బరువుతో పుట్టే బిడ్డలను మనం ఎరుగుదుము. అలాంటి బిడ్డే పెరిగి ఖమ్మంలో హాస్టలు చేరి, తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బెంచీకి అతుక్కుపోతే, పుట్టుకతోనే తక్కువైన కండ ఎప్పుడు పెరగాలి?

మరి ఏం చేయాలి? మొదట తీపి తగ్గించండి. కూల్ డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు, బిస్కెట్లు ఇంటికి తేవద్దు. అమెరికాలో ఈ జబ్బు ఉన్న 40 మంది మగపిల్లలపై జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. ఇంటిల్లిపాదికీ చక్కెర బాగా తగ్గించిన భోజనం పెడితే, 8 వారాల్లోనే ఆ పిల్లల కాలేయంలో కొవ్వు సగటున 25 శాతం నుంచి 17 శాతానికి దిగింది. పిల్లవాడికి ఒక్కడికే పథ్యం పెట్టి, ఎదురుగా పెద్దలు తీపి తింటే పని జరగదు.

రెండవది, కండ పెంచే తిండి మానిపించవద్దు. గుడ్డు, పప్పు, పెరుగు, శనగలు, గోదావరి చేప, వీటిలో ఏదో ఒకటి పూటపూటా ఉండాలి. అన్నం ఆ మేరకు తగ్గినా ఆకలి తీరుతుంది.

మూడవది, ఆట. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టే ఆట, వారంలో కనీసం 3 రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. దీనికి జిమ్ము అక్కరలేదు. కబడ్డీ, ఖోఖో, గుంజీలు, మెట్లెక్కడం చాలు.

పిల్లవాడు లావుగా ఉండి, మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారితే మురికి అని రుద్దకండి. డాక్టరుకు చూపించి ఎస్‌.జి.పి.టి. రక్తపరీక్ష అవసరమేమో అడగండి. పిల్లల్లో ఈ జబ్బుకు ఆమోదించిన మందు ఇంతవరకు లేదు. కాబట్టి టానిక్కులకు డబ్బు పోయకండి. పసర్లు అసలే వద్దు, కొన్ని కాలేయానికే హాని చేస్తాయి. సంతోషించవలసిన మాట ఏమిటంటే, తొలిదశలో ఈ కొవ్వు కరిగిపోతుంది.

“ర్యాంకు వచ్చాక ఆడుకోవచ్చులే” అనే మాట మనం తరచు వింటున్నాం. ఎదిగే వయసు ర్యాంకు కోసం ఆగదు. ఆట గంటను చదువు గంటగా మార్చే కాలేజీలు ఆ పద్ధతి మానుకోవాలని మా విన్నపం. తల్లిదండ్రులారా, ఈసారి ఫీజు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: “మా పిల్లలు రోజూ ఆడుకోవడానికి గ్రౌండు ఏది? ఎన్ని గంటలకు?” జవాబు వినే రసీదు తీసుకోండి.