వెలివేసే హక్కు

మనిషిని వెలివేయడానికి దేవుడు దిగిరానక్కర్లేదు. కొట్లో ఉప్పు పుట్టకపోతే చాలు, చావుకు నలుగురు భుజం పట్టకపోతే చాలు. కట్టు తప్పినవాడి సంగతి దైవమే చూసుకుంటుందని నిజంగా నమ్మేవాళ్లకు ఇంత బందోబస్తు ఎందుకో!

ఈ బందోబస్తుకు రాజ్యాంగ రక్షణ ఉందని 1962 జనవరి 9న సుప్రీంకోర్టు తేల్చింది. వెలి చెల్లదనీ, వేసినవాళ్లకు 1000 రూపాయల దాకా జరిమానా అనీ బొంబాయి రాష్ట్రం 1949లో చట్టం చేసింది. దావూదీ బోహ్రాల మతాధిపతి సయ్యద్నా తాహెర్ సైఫుద్దీన్ దాన్ని సవాలు చేశారు. మతాన్ని కట్టుగా నిలపాలంటే ఈ అధికారం తన చేతిలో ఉండాల్సిందే అన్నారు. అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఆయన పక్షాన నిలిచారు, చట్టం ఎగిరిపోయింది.

వెలిపడ్డవాడి పౌరహక్కుల మాటేమిటి? అవి దెబ్బతిన్నా సరే, మతశాఖలకు 26వ అధికరణ ఇచ్చిన హక్కుకు అది అడ్డు కాదని మెజారిటీ తీర్పు. మసీదుకు, శ్మశానానికి దూరమైన మనిషి అక్కడ లెక్కలోకి రాలేదు. 25వ అధికరణ అంతరాత్మ స్వేచ్ఛను వ్యక్తులందరికీ ఇచ్చింది. మతాధిపతిని ప్రశ్నించినవాడికీ అంతరాత్మ ఉంటుంది కదా! విభేదించిన ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా ఒక్కరే ఆ మనిషి వైపునుంచి చూశారు. వెలిపడ్డవాడు సొంత సమాజంలోనే అంటరానివాడవుతాడని రాశారు.

తమ సభ్యులెవరో తేల్చుకునే హక్కు మతానికి ఉండొద్దా అంటే, ఉండాలి. జాతకాలు చెప్పే సభ్యుణ్ణి హేతువాద సంఘమైనా తీసేస్తుంది. కానీ తీసేశాక, అతనికి అన్నం పెట్టొద్దని వాళ్లమ్మకు చెప్పదు. సభ్యత్వం సంఘానిది, వంటిల్లు సంఘానిది కాదు. ఈ గీత గీయాల్సిన కోర్టులు, 1954 నాటి శిరూర్ మఠం తీర్పు దగ్గర్నుంచి, ఏ ఆచారం మతానికి ముఖ్యమో తేల్చే పండితుల పని నెత్తినేసుకున్నాయి. ముఖ్యమైన ఆచారమైతే మాత్రం మనిషిని నలిపేయొచ్చా?

బోహ్రాల్లోనే పుట్టి సంస్కరణ కోరిన అస్గర్ అలీ ఇంజనీర్ కూడా ఈ వెలి అనుభవించినవారే. 1962 తీర్పును తిరగదోడమని సంస్కరణవాదులు వేసిన పిటిషన్ 1986 నాటిది. 2023 ఫిబ్రవరిలో అయిదుగురి ధర్మాసనం దాన్ని, శబరిమల ప్రశ్నలతోపాటు, తొమ్మిదిమంది ముందుకు పంపింది. తేల్చడానికి కాదు, పంపడానికే 37 ఏళ్లు.

ఇది బోహ్రాల గొడవ మాత్రమే అనుకునేవాళ్లు రాజమండ్రిని గుర్తుచేసుకోవాలి. 1881లో కందుకూరి మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు అండగా నిలిచినవాళ్ల మీద పీఠాధిపతి అస్త్రం ఇదే. ప్రాయశ్చిత్తం చేసుకుని గండం గట్టెక్కినవాళ్లూ ఉన్నారు. వాళ్లను పిరికివాళ్లనడం సులువే, పిల్లలకు సంబంధాలు చూడాల్సిన బాధ లేనివాళ్లకు.

ఇప్పుడు నిజామాబాద్, జగిత్యాల వైపు ఆ అస్త్రం గ్రామాభివృద్ధి కమిటీల చేతికి వచ్చింది. జరిమానా కట్టని కుటుంబంతో మాట్లాడితే మాట్లాడినవాళ్లకూ జరిమానా. ఇక్కడ శాస్త్రం లేదు, పీఠం లేదు, అయినా వెలి అంతే గట్టిగా పనిచేస్తోంది. దాని బలం ఎన్నడూ దైవానిది కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

బాధితులు దళితులో ఆదివాసులో అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద సాంఘిక బహిష్కరణే నేరం. మిగతావాళ్లు బెదిరింపు సెక్షన్లు వెతుక్కోవాలి. మహారాష్ట్ర 2016లో ప్రత్యేక చట్టం చేసి, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టింది. అలాంటిది మన రెండు రాష్ట్రాలూ చేయడానికి తొమ్మిదిమంది తీర్పు కోసం ఆగనక్కర్లేదు. గ్రామాభివృద్ధి కమిటీ మతశాఖ కాదు, 26వ అధికరణ చాటున దాక్కునే వీలు దానికి లేదు.